విడాకుల కాగితం ఎక్కడ దొరుకుతుంది, కేసు ఎక్కడ వెయ్యాలి? పాఠకుల ప్రశ్నలు, వకీలు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విడాకుల కాగితాల గురించే. కొందరికి ఎప్పుడో అయిపోయిన కేసు తీర్పు కావాలి, కొందరికి కొత్తగా కేసు ఏ ఊళ్లో వెయ్యాలో తెలియాలి, ఇంకొందరు సంబంధం చూస్తూ అవతలివాళ్లు చెప్పింది నిజమో కాదో తేల్చుకోవాలనుకుంటున్నారు. ఒక మాట ముందే చెప్పేస్తాను, ఎందుకంటే కింద చాలా జవాబుల్లో ఇదే వస్తుంది. పెళ్లి నమోదుకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఉంది, జనన మరణాలకు మున్సిపాలిటీ, గ్రామ పంచాయతీ ఉన్నాయి, విడాకులు నమోదు చేసే ఆఫీసు మాత్రం మన దగ్గర లేదు. కోర్టు ఇచ్చిన డిక్రీయే, అంటే తీర్పులో తేల్చినదాన్ని అధికారికంగా రాసిచ్చే కాగితమే, విడాకుల సర్టిఫికెట్. దాని సర్టిఫైడ్ కాపీ, అంటే కోర్టు ముద్ర వేసి ఇచ్చే నకలు, చేతిలో లేక ఎంతమంది ఆడపిల్లలు ఆగిపోయి ఉన్నారో రోజూ చూస్తున్నాను, అందుకే ఈ వారం స్థలమంతా దీనికే. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊళ్లు మాత్రమే వేస్తున్నాం.

*మేడం, మా చెల్లె పెళ్లి 2012లో అయింది. రెండేళ్లకే గొడవలు. పెద్దమనుషుల్లో కూర్చొని వంద రూపాయల బాండు మీద 'ఇకనుంచి ఒకరికొకరు సంబంధం లేదు' అని రాసుకున్నాం. నోటరీ కూడా చేయించాం, వాళ్లు కొంత డబ్బు ఇచ్చారు. ఇప్పుడు మంచి సంబంధం వచ్చింది, వాళ్లు విడాకుల సర్టిఫికెట్ అడుగుతున్నారు. మీసేవలో అడిగితే అలాంటిది లేదన్నారు. ఎక్కడ తీసుకోవాలి? – ఒక అన్న, పరకాల*

అన్నా, మీసేవ వాళ్లు చెప్పింది నిజం, అలాంటి సర్టిఫికెట్ వాళ్ల దగ్గర లేదు. మీకు కష్టంగా అనిపించే సంగతి ఏమిటంటే, మీ చెల్లెకు చట్టం లెక్కలో ఇంకా విడాకులు కాలేదు. బాండు పేపర్ మీద రాసుకున్నా, నోటరీ ముద్ర వేయించినా, ఊరి సర్పంచ్ సంతకం పెట్టినా హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్లి దాంతో రద్దు కాదు. నోటరీ చేసేది సంతకం ఫలానావాళ్లదే అని ధ్రువీకరించడం వరకే. కులాచారం ప్రకారం విడిపోయే పద్ధతి ఉన్నవాళ్లకు 1955 నాటి ఆ చట్టంలోనే 29వ సెక్షన్ ఒక మినహాయింపు ఇచ్చింది, కానీ ఆ ఆచారం మా కులంలో తరతరాలుగా ఉంది, అందరూ పాటిస్తున్నారు అని కోర్టులో సాక్ష్యాలతో రుజువు చెయ్యాలి. పెద్దమనుషులు కూర్చున్నారు కాబట్టి అదే ఆచారం అంటే కోర్టు ఒప్పుకోదు.

ఇలాగే పెళ్లి చేసేస్తే ఏమవుతుందో కూడా తెలుసుకోండి. మొదటి పెళ్లి ఉండగా చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు, పైగా అది నేరం. భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది. అప్పుడు డబ్బు తీసుకొని సంతకం పెట్టినవాళ్లే తర్వాత గొడవొస్తే ఆ కాగితం చెల్లదని కోర్టుకెక్కుతారు, అది నేను చూశాను.

దారి ఉంది, టెన్షన్ పడకండి. ఆ బాండు పేపర్ మాత్రం చింపొద్దు, ఇద్దరూ 2014 నుంచి వేరుగా ఉంటున్నారనడానికి, డబ్బు ముట్టిందనడానికి అదే మంచి రుజువు. అవతలి అబ్బాయిని మనిషి ద్వారా అడిగించండి. అతనికి కూడా డిక్రీ అవసరమే, చాలాసార్లు వాళ్లు వెంటనే ఒప్పుకుంటారు. ఇద్దరూ కలిసి హిందూ వివాహ చట్టం 13బీ సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో పిటిషన్ వెయ్యొచ్చు. ఆ సెక్షన్‌లో మొదటి విచారణకూ రెండో విచారణకూ మధ్య ఆరు నెలలు ఆగాలని ఉంది, అయితే 2017లో సుప్రీంకోర్టు అమర్‌దీప్ సింగ్ కేసులో ఆ ఆరు నెలలు తప్పనిసరి కాదని చెప్పింది. పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర దాటి వేరుగా ఉండి, రాజీ ప్రయత్నాలు విఫలమై, భరణం, పిల్లలు, సామాను అన్నీ తేలిపోయి ఉంటే ఆ గడువు మాఫీ చెయ్యమని అడగొచ్చు. మీ చెల్లె విషయంలో పదేళ్లు దాటింది కాబట్టి మొదటి విచారణ అయిన వారం తర్వాత మాఫీ దరఖాస్తు వేయమని మీ వకీలుకు చెప్పండి.

అతను రాకపోతే ఆమె ఒక్కతే వెయ్యాలి. రెండేళ్లకు పైగా వదిలేసి ఉండటం, హింస లాంటి కారణాలు చూపించి వేసే కేసు అది, సమయం ఎక్కువ పడుతుంది. కొత్త సంబంధం వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పి, డిక్రీ వచ్చాకే లగ్గం పెట్టుకుందామని అడగండి. నిజంగా కావాలనుకున్నవాళ్లు ఆగుతారు.

*నాకు 2009లో వరంగల్ కోర్టులో విడాకులు అయ్యాయి. తీర్పు కాపీ ఇల్లు మారినప్పుడు పోయింది. మా వకీలు గారు చనిపోయారు. కేసు నంబరు గుర్తు లేదు. ఇప్పుడు నేను ఉండేది మంచిర్యాలలో. మళ్లీ కాపీ దొరుకుతుందా? – ఒక సోదరి*

దొరుకుతుందమ్మా. కావలసింది కాస్త ఓపిక, పాత నంబరు పట్టుకోవడం.

తీర్పు ఏ కోర్టు ఇచ్చిందో ఆ కోర్టులోనే కాపీ ఇస్తారు, మంచిర్యాలలో అడిగితే ప్రయోజనం లేదు. మీ కేసు అయిననాటికి జనగామ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి అన్నీ వరంగల్ జిల్లాలోనే ఉన్నాయి. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి, 2021లో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండ అయింది, ఇక కోర్టుల లెక్కలో కొత్త జిల్లాలు వచ్చింది 2022 జూన్ 2న. అందుకే చాలామంది ఏ గేటు దగ్గరికి వెళ్లాలో తెలియక తిరుగుతుంటారు. మీరు హనుమకొండ అదాలత్ దగ్గర కోర్టు ప్రాంగణంలో మొదలుపెట్టండి. మీ కేసు అప్పట్లో జనగామ లాంటి చోట సబ్ కోర్టులో నడిచి ఉంటే అక్కడి కోర్టులో అడగాలి, కాబట్టి వాయిదాలకు ఏ ఊరు వెళ్లేవారో గుర్తు చేసుకోండి, అదే మొదటి ఆధారం.

నంబరు కోసం ముందు ఫోన్‌లోనే ప్రయత్నించండి. ఈ-కోర్ట్స్ సర్వీసెస్ అని వెబ్‌సైటూ ఉంది, యాప్ కూడా ఉంది. రాష్ట్రం, జిల్లా, కోర్టు ప్రాంగణం ఎంచుకొని, పార్టీ పేరు, సంవత్సరం కొట్టి, నడుస్తున్న కేసులు కాకుండా ముగిసిన కేసుల్లో వెతకాలి. ఇక్కడే మనవాళ్లు ఓడిపోతారు: పేర్ల స్పెల్లింగు. లక్ష్మి అనే పేరును ఇంగ్లీషులో మన దగ్గర ఎక్కువమంది ఎక్స్‌తో రాస్తారు, కోర్టు గుమాస్తా కేఎస్‌హెచ్‌తో కొట్టి ఉండొచ్చు. ఇంటిపేరు ముందు ఉందో వెనుక ఉందో, 'శ్రీమతి' అని కలిపారో లేదో, అన్నీ మార్చి మార్చి చూడండి. మీ పేరుతో దొరకకపోతే ఆయన పేరుతో వెతకండి. సంవత్సరం కూడా కేసు వేసిన సంవత్సరం కొట్టాలి, తీర్పు వచ్చిన సంవత్సరం కాదు. మీది 2009లో తీర్పు అంటే 2007, 2008 కూడా చూడాలి. పాత కేసులన్నీ అందులో ఉండవు, దొరక్కపోయినంత మాత్రాన కేసు లేదని అనుకోకండి.

అక్కడ లేకపోతే కోర్టు రిజిస్టర్లే దిక్కు. విడాకుల కేసులు ఓపీ అనో, హెచ్‌ఎంఓపీ అనో, ఫ్యామిలీ కోర్టు అయితే ఎఫ్‌సీఓపీ అనో నంబరు పడతాయి. ఇద్దరి పూర్తి పేర్లు, తండ్రుల పేర్లు, అప్పటి చిరునామా, సుమారు సంవత్సరం ఒక కాగితం మీద రాసుకొని వెళ్లి ఆ కోర్టు ఆఫీసులో రిజిస్టర్ వెతికించాలి. మీ వకీలు గారు పోయినా ఆయన ఆఫీసు ఎవరు నడుపుతున్నారో కనుక్కోండి, జూనియర్ల దగ్గర పాత డైరీలు ఉంటాయి, వకీళ్లు డైరీలు పారెయ్యరు. అప్పట్లో భరణం కోసమో, పిల్లల కోసమో వేరే కేసు నడిచి ఉంటే ఆ కాగితాల్లో కూడా విడాకుల కేసు నంబరు రాసి ఉంటుంది.

నంబరు దొరికాక కాపీ అప్లికేషన్ వెయ్యాలి, తీర్పుకూ డిక్రీకీ రెండింటికీ కలిపి అడగండి. చాలామంది ఒక్క తీర్పు తీసుకొని వెళ్లి మళ్లీ డిక్రీ కోసం తిరిగొస్తారు. ఒకటికి రెండు సెట్లు తీసుకుంటే నయం. మీరు ఆ కేసులో పార్టీ కాబట్టి కాపీ తీసుకోవడం మీ హక్కు, ఎందుకు కావాలో ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడదామా అని కూడా కొందరు అడుగుతున్నారు. కోర్టు రికార్డుల కాపీలు కోర్టు నిబంధనల ప్రకారమే తీసుకోవాలని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది కాబట్టి ఆ దారిలో రోజులు పోగొట్టుకోవద్దు.

*మా అమ్మాయికి వచ్చిన సంబంధంలో అబ్బాయికి ఇదివరకే పెళ్లయి విడాకులయ్యాయట. కరీంనగర్ కోర్టులో అయిందంటున్నారు. కాగితం అడిగితే 'మా మీద నమ్మకం లేదా' అంటున్నారు. మేమే కోర్టులో వెతుక్కోవచ్చా? – ఒక తల్లి, హుజూరాబాద్*

అమ్మా, అడగడంలో తప్పేమీ లేదు, సిగ్గుపడకండి. నిజంగా డిక్రీ ఉన్నవాళ్లు జిరాక్సు ఇవ్వడానికి ఎందుకు బాధపడతారు?

వెతుక్కోవడం విషయానికొస్తే, పైన చెప్పిన ఈ-కోర్ట్స్‌లో అబ్బాయి పేరుతో చూడొచ్చు. కేసు ఉందా, ముగిసిందా అన్నంతవరకు తెలియొచ్చు. ముగిసింది అని కనిపించినంత మాత్రాన విడాకులు వచ్చినట్టు కాదు, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. కేసు కొట్టేసినా, వాపసు తీసుకున్నా, పార్టీలు రాక డిస్మిస్ అయినా అక్కడ ముగిసినట్టే చూపిస్తుంది. భార్యాభర్తల కేసుల్లో తీర్పు పూర్తి పాఠం అందరికీ తెరిచి పెట్టరు, విచారణ మూసిన గదిలో జరగాలని, వివరాలు అచ్చు వేయకూడదని హిందూ వివాహ చట్టం 22వ సెక్షనే చెబుతోంది. కేసుతో సంబంధం లేని మూడో మనిషికి సర్టిఫైడ్ కాపీ కావాలంటే కారణం చెబుతూ అఫిడవిట్ పెట్టాలి, ఇవ్వాలా వద్దా అన్నది కోర్టు ఇష్టం. కాబట్టి దగ్గరి దారి అబ్బాయినే తెమ్మనడం. సర్టిఫైడ్ కాపీ అయితే కోర్టు ముద్ర, దరఖాస్తు పెట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ ఉంటాయి. కేసు నంబరు ఈ-కోర్ట్స్‌లో కొట్టి సరిపోతుందో లేదో చూడండి.

ఆ డిక్రీలో రెండు సంగతులు చదవండి. మొదటిది, అది ఎక్స్‌పార్టీ డిక్రీయా, అంటే ఆ అమ్మాయి రాకుండా ఒకవైపు విని ఇచ్చిందా? అలాగైతే ఆమె తర్వాత వచ్చి నాకు సమన్లు అందలేదని దాన్ని తీసేయమని అడిగే వీలుంది. రెండోది తేదీ. ఇద్దరూ ఒప్పుకొని ఫ్యామిలీ కోర్టులో తీసుకున్న డిక్రీ మీద అప్పీలు ఉండదు. పోట్లాడి తెచ్చుకున్న డిక్రీ అయితే హిందూ వివాహ చట్టంలో అప్పీలుకు 90 రోజులుంది, అది గడిచిందా, హైకోర్టులో అప్పీలు ఏమైనా ఉందా చూసుకున్నాకే ముహూర్తం పెట్టుకోండి. మొదటి పెళ్లి దాచి రెండో పెళ్లి చేసుకుంటే పదేళ్ల వరకు శిక్ష ఉంది, కానీ అతను జైలుకెళ్తే మీ అమ్మాయి పోగొట్టుకున్నది తిరిగి రాదు కదా.

*మేడం, నా పెళ్లి 2021లో హనుమకొండలో జరిగింది. కాపురం హైదరాబాద్‌లో. ఏడాదిన్నరగా నర్సంపేటలో అమ్మవాళ్లింట్లో ఉంటున్నా, ఒక పాప ఉంది. ఇద్దరం ఒప్పుకొని విడిపోదామనుకుంటున్నాం. కేసు ఎక్కడ వెయ్యాలి? ఏమేం కావాలి? వకీలుకు ఇచ్చేంత డబ్బు నా దగ్గర లేదు. – ఒక చెల్లి*

చెల్లీ, నీకు మూడు నాలుగు దారులున్నాయి. పెళ్లి జరిగిన చోట, అంటే హనుమకొండలో వెయ్యొచ్చు. ఇద్దరూ చివరిగా కలిసి ఉన్న చోట, హైదరాబాద్‌లో వెయ్యొచ్చు. భార్య ఇప్పుడు ఎక్కడుంటే అక్కడ కూడా వేసుకోవచ్చని 2003లో చట్టం మార్చారు, కాబట్టి నర్సంపేట ఏ కోర్టు పరిధిలోకి వస్తే అక్కడ కూడా సరే. ఫ్యామిలీ కోర్టు లేని చోట సీనియర్ సివిల్ జడ్జి కోర్టు ఈ కేసులు చూస్తుంది. పాపతో బస్సుల్లో తిరగాల్సింది నువ్వు, కాబట్టి నీకు దగ్గరున్నదే ఎంచుకో, అతన్ని రమ్మను.

పెళ్లి పత్రిక, ఇద్దరూ కలిసి ఉన్న పెళ్లి ఫొటోలు, ఇద్దరి ఆధార్, పాప జనన ధ్రువీకరణ, వేరుగా ఉంటున్నట్టు చూపే ఏదైనా కాగితం పెట్టుకో. మ్యారేజ్ సర్టిఫికెట్ ఉంటే మంచిది, లేకపోతే కేసు ఆగదు. కనీసం ఏడాది వేరుగా ఉన్నారా అన్నది కోర్టు చూస్తుంది, మీకు అది దాటింది.

ఇక అసలు సంగతి ఒప్పందం. ఇక్కడే మన ఆడపిల్లలు తొందరపడి 'నాకేమీ వద్దు, వదిలేస్తే చాలు' అని సంతకం పెట్టేస్తారు, వాళ్లు ఎంత విసిగిపోయి ఆ మాట అంటారో నాకు తెలుసు, అయినా దయచేసి ఆ ఒక్క పని చెయ్యకు. పాపకు ఇప్పుడు మూడేళ్లో నాలుగేళ్లో ఉంటాయి, ఇంకా బడి, కాలేజీ, అన్నీ ఉన్నాయి. పాప ఎవరి దగ్గర ఉంటుంది, అవతలివాళ్లు ఎప్పుడు చూడొచ్చు, పాప ఖర్చు నెలనెలా ఎంత, నీకు శాశ్వత భరణం ఎంత, పెట్టిపోతల్లో ఇచ్చిన బంగారం, సామాను ఎప్పుడు తిరిగొస్తాయి, అన్నీ తులాలతో సహా రాయించు. 'సామాను ముట్టింది' అనే వాక్యం మీద సామాను ముట్టాకే సంతకం పెట్టు. పాప పేరు మీద వేసే డబ్బు నీ భరణంలో కలపనివ్వకు, రెండూ వేరు. మొత్తం డబ్బు ఒకేసారి ఇవ్వలేనంటే కొంత మొదటి విచారణ రోజు, మిగతాది రెండో విచారణ రోజు కోర్టులోనే డీడీ రూపంలో ఇచ్చేటట్టు రాయించు. తర్వాత ఇస్తామన్న మాట మీద రెండో సంతకం పెట్టొద్దు. డిక్రీ వచ్చేవరకు ఒప్పుకున్న మాటను ఎవరైనా వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది, అది నీకూ రక్షణే, అతనికీ అవకాశమే. పోలీసు కేసులు, భరణం కేసులు ఏమైనా నడుస్తుంటే ఏది ఎవరు ఎప్పుడు తీసేయాలో కూడా అందులోనే ఉండాలి.

డబ్బు సంగతి. కోర్టు ఫీజు కొద్దిగానే ఉంటుంది, భారమయ్యేది వకీలు ఫీజే. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయం ఎంతున్నా ఉచితంగా వకీలును ఇవ్వాలి, ఎస్సీ, ఎస్టీలకు కూడా అంతే. కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆఫీసుంటుంది, అక్కడ తెల్ల కాగితం మీద దరఖాస్తు రాసివ్వు, లేకపోతే 15100కి ఫోన్ చెయ్యి. ఉచితం కదా అని తీసిపడేయకు, అక్కడ బాగా పనిచేసే వకీళ్లున్నారు.

డిక్రీ వచ్చాక సర్టిఫైడ్ కాపీలతో పాటు మీరు కోర్టులో పెట్టిన ఒరిజినల్ కాగితాలు కూడా వాపసు అడిగి తీసుకో.

*లోక్ అదాలత్‌లో ఒక్క రోజులో విడాకులు ఇస్తారట, నిజమేనా? – ఒక పాఠకుడు, జగిత్యాల*

కాదు తమ్ముడూ. భార్యాభర్తల తగాదాల్లో భరణం, సామాను, పిల్లల విషయాలు లోక్ అదాలత్‌లో రాజీ చేసుకోవచ్చు, విడాకుల డిక్రీ మాత్రం అక్కడ ఇవ్వరు. అలా ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లకు దూరంగా ఉండండి.

*మేము లంబాడీలం. తండా పెద్దల ముందు విడిపోయాం. కోర్టుకు వెళ్తే 'మీకు ఈ చట్టం వర్తించదు' అన్నారు. మరి కాగితం ఎలా? – ఒక సోదరుడు, మహబూబాబాద్ దగ్గర తండా*

హిందూ వివాహ చట్టం 2వ సెక్షన్‌లోనే ఉంది, కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు. లంబాడీలే కాదు, కోయ, గోండు, నాయకపోడు వాళ్లకూ ఇదే. అందువల్ల మీ ఆచారం ప్రకారం జరిగిన విడిపోవడానికి పరకాల అన్న బాండు పేపర్ కంటే చాలా ఎక్కువ బలముంది, ఎందుకంటే మీకు ఆచారమే చట్టం. ఏ ఆఫీసులోనైనా కోర్టు కాగితం అడిగితే, ఫలానా తేదీన మా ఆచారం ప్రకారం విడిపోయాం, మేమిప్పుడు భార్యాభర్తలం కాము అని ప్రకటించమని కోర్టులో దావా వెయ్యాలి. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 7వ సెక్షన్ ఇలాంటి దావా వినే అధికారం ఇచ్చింది. ఆ రోజు కూర్చున్న పెద్దలు ఇప్పుడే ముసలివాళ్లై ఉంటారు, వాళ్లు ఉండగానే సాక్ష్యం చెప్పించుకోవడం మంచిది. రాసుకున్న కాగితం, తిరిగిచ్చిన సొమ్ము, సామాను వివరాలు అన్నీ పెట్టండి. పురోహితుణ్ని పెట్టి, సప్తపదితో హిందూ పద్ధతిలో పెళ్లి చేసుకున్న తెగలవాళ్ల విషయంలో హిందూ వివాహ చట్టాన్నే వర్తింపజేసిన తీర్పులు కూడా ఉన్నాయి, కాబట్టి మీ పెళ్లి ఎలా జరిగిందో వకీలుకు దాచకుండా చెప్పండి.

ఇంకొక మాట, మీ భార్య ఉత్తరం రాసినా ఇదే చెప్పేదాన్ని: భరణం చట్టం, గృహహింస చట్టం కులం, తెగ, మతం చూడవు, అందరికీ వర్తిస్తాయి.

*నేను ఖులా అడిగితే మా ఆయన ఒప్పుకోవడం లేదు. ఖులానామా ఎవరూ ఇవ్వడం లేదు. ఎన్నాళ్లు ఆగాలి? – ఒక సోదరి, నిజామాబాద్*

ఆగనక్కర్లేదమ్మా. ఖులా, అంటే భార్య తనే కోరి తీసుకునే విడాకులు, అడిగే హక్కు ముస్లిం స్త్రీకి పూర్తిగా ఉందని, దానికి భర్త అంగీకారం షరతు కాదని మన తెలంగాణ హైకోర్టు 2025 జూన్‌లో తీర్పిచ్చింది. ముఫ్తీ, అంటే మతపెద్ద, ఇచ్చేది సలహా మాత్రమేనని కూడా చెప్పింది. మీరు ఖులా అడిగినట్టు, రాజీ ప్రయత్నం జరిగినట్టు రుజువులు పెట్టుకొని ఫ్యామిలీ కోర్టుకు వెళ్లండి, మెహర్ (పెళ్లిలో భర్త భార్యకు ఒప్పుకున్న సొమ్ము) వాపసు సంగతి కూడా అందులో రాయాలి. కోర్టు ప్రకటిస్తే అదే మీ రికార్డు, ఎక్కడైనా చెల్లుతుంది.

*మా బంధువుల అబ్బాయి డాలస్‌లో ఉంటాడు. మొదటి పెళ్లి వరంగల్‌లో జరిగింది, విడాకులు టెక్సాస్‌లో అయ్యాయట. మా పిల్లనిద్దామనుకుంటున్నాం. అక్కడి రికార్డు ఎలా చూడాలి? ఆ విడాకులు ఇక్కడ చెల్లుతాయా? – ఒక తండ్రి, హనుమకొండ*

రెండు ప్రశ్నలు వేర్వేరుగా చూడాలి సార్.

రికార్డు చూడటం అక్కడ మన దగ్గరకంటే సులువు. టెక్సాస్‌లో విడాకుల డిక్రీ కౌంటీ స్థాయిలో డిస్ట్రిక్ట్ క్లర్క్ ఆఫీసులో ఉంటుంది. డాలస్ అని మనం అంటాం గానీ, ఇర్వింగ్‌లో ఉంటే డాలస్ కౌంటీ, ప్లేనోలో అయితే ఎక్కువ భాగం కాలిన్ కౌంటీ, కాబట్టి అప్పుడు అతను ఉన్న ఊరు తెలియాలి. ఎందుకంటే అక్కడ కేసు వెయ్యాలంటే ఆ రాష్ట్రంలో ఆరు నెలలు, ఆ కౌంటీలో 90 రోజులు ఉండి ఉండాలి. రాష్ట్ర ఆరోగ్య శాఖ కూడా 1968 నుంచి జరిగిన విడాకులకు ధ్రువీకరణ లేఖ ఇస్తుంది, అందులో విడాకులు నమోదయ్యాయా లేదా అన్నదే ఉంటుంది, డిక్రీ కాపీ కాదు. కాబట్టి క్లర్క్ ఆఫీసు నుంచి ఫైనల్ డిక్రీ సర్టిఫైడ్ కాపీ తెప్పించమని అబ్బాయిని అడగండి.

చెల్లడం గురించి అయితే మీరు నిజంగా జాగ్రత్తపడాలి. 1991లో సుప్రీంకోర్టు వై.నరసింహారావు కేసులో ఒక గట్టి తీర్పిచ్చింది. తిరుపతిలో పెళ్లయిన మన తెలుగు దంపతుల కేసే అది, భర్త అమెరికాలోని మిస్సోరిలో డిక్రీ తెచ్చుకున్నాడు, దాన్ని ఇక్కడ ఒప్పుకోలేదు. హిందూ వివాహ చట్టం కింద పెళ్లయినవాళ్లు విదేశంలో విడాకులు తీసుకుంటే, ఆ కారణం మన చట్టంలో కూడా ఉండాలి, లేదా అవతలి మనిషి ఇష్టపూర్వకంగా ఆ కోర్టుకు వచ్చి ఒప్పుకొని ఉండాలి. టెక్సాస్‌లో ఎక్కువమంది 'ఇద్దరికీ పడటం లేదు' అనే కారణంతోనే తీసుకుంటారు, మన చట్టంలో అది కారణం కాదు. అందుకే ఆ డిక్రీలో మొదటి భార్య సంతకం ఉందా, ఆమె తరఫున వకీలు వచ్చాడా, ఒప్పందం మీద తీసుకున్నారా అని చూడండి. ఆమె వరంగల్‌లోనే ఉండిపోయి, నోటీసు పంపి ఒకవైపు డిక్రీ తెచ్చుకున్నదైతే ఇక్కడ ఆమె ఇంకా భార్యే కావచ్చు. అప్పుడు ఇక్కడి కోర్టులో కూడా విడాకులు తీసుకోమని చెప్పండి. అతను ఇక్కడికి రాలేనంటే కోర్టు అనుమతితో వీడియో ద్వారా హాజరయ్యే వీలుంది. రేపు మీ పిల్లకు గ్రీన్ కార్డు వేసేటప్పుడు కూడా పాత పెళ్లి ముగిసిందని కాగితం అడుగుతారు.

*రంగారెడ్డి కోర్టు నుంచి నా పేరు మీద కవరు వచ్చింది. మా నాన్న భయపడి తీసుకోకుండా వెనక్కి పంపారు. మా ఆయన నేను హింస పెట్టానని విడాకులు వేశాడట. వెళ్లకపోతే కేసు నడవదు కదా? – ఒక సోదరి, జమ్మికుంట*

నడుస్తుందమ్మా, నువ్వు లేకుండానే నడుస్తుంది. కవరు తీసుకోనంటే కోర్టు లెక్కలో అందినట్టే రాసుకుంటారు, అతను చెప్పింది ఒక్కటే విని డిక్రీ ఇచ్చేస్తారు. అప్పుడు దాన్ని తీసేయించడానికి 30 రోజుల్లో పరుగెత్తాలి, సమన్లు సరిగా అందలేదని రుజువు చేసే భారం నీ మీద పడుతుంది. నాన్నగారి మీద కోపం తెచ్చుకోకు, మన ఇళ్లలో కోర్టు కవరంటే అందరూ ఇలాగే భయపడతారు.

ఈ-కోర్ట్స్‌లో నీ పేరుతో, అతని పేరుతో రంగారెడ్డి జిల్లా కింద వెతికి వాయిదా తేదీ పట్టుకో. దొరక్కపోతే కరీంనగర్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి చెప్పు, ఉచితంగా వకీలును ఇస్తారు, రంగారెడ్డి కోర్టులో ఎవర్ని పెట్టుకోవాలో కూడా వాళ్లే చూస్తారు. ఆ వాయిదాకు తప్పకుండా హాజరై కౌంటర్‌కు, అంటే అతని పిటిషన్‌కు నీ జవాబు రాసి వేయడానికి, గడువు అడగాలి. కౌంటర్‌తో పాటే హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద మధ్యంతర భరణం, కేసు ఖర్చులు అడుగు, రానుపోను ఖర్చులు కూడా అందులో చూపించు. అంత దూరం తిరగలేవు కాబట్టి కేసును కరీంనగర్‌కు మార్చమని హైకోర్టులో ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వెయ్యొచ్చు, చంటి పిల్లలున్నా, సంపాదన లేకున్నా అది గట్టిగా రాయించు. కేసు మారేదాకా మాత్రం రంగారెడ్డి వాయిదాలు తప్పించుకోకు. అతను నిన్ను కొట్టి ఉంటే, ఇంట్లోంచి గెంటేసి ఉంటే గృహహింస కేసు జమ్మికుంట పరిధిలోని కోర్టులోనే వేసుకోవచ్చు, దానికి 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రం వాళ్లు సాయం చేస్తారు. సోమవారం దాకా ఆగకుండా ఇవాళే ఎవరైనా తెలిసినవాళ్లతో ఆ తేదీ చూపించుకో.